కొయ్య ఓడ కట్టడం కొత్తవారికి అందని పని కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

కొయ్యతో తెరచాప ఓడల నమూనాలు కట్టే వ్యాపకం డబ్బు దండగ అని, అందులోనూ వడ్రంగం తెలియని కొత్తవాళ్ళు మూడు తెరచాప కొయ్యల యుద్ధనౌకతో మొదలుపెట్టడం మరీ తెలివితక్కువ పని అని ఒంగోలు పాఠకులొకరు ఈ శీర్షికలో రాసిన లేఖ చదివాను. వేలకు వేలు పోసి విదేశాల నుంచి నమూనా విడిభాగాల పెట్టె తెప్పించుకుని, కొన్ని నెలలు కుస్తీ పట్టి, చివరకు అటకెక్కించిన వాళ్ళను తాను ఎరుగుదునని వారు రాశారు. అలాంటి వాళ్ళను నేనూ ఎరుగుదును. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, పదవీ విరమణ తర్వాత కావలిలో స్థిరపడి, ఈ ఓడల పనిలోనే పొద్దు పుచ్చుతున్న నా దగ్గరకు సగంలో ఆగిన ఓడలను పట్టుకుని వచ్చేవాళ్ళలో కాలేజీ కుర్రవాళ్ళున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఒకరిద్దరు డాక్టర్లు కూడా ఉన్నారు. వాళ్ళ చేతుల్లో నాకు లోపమేమీ కనబడలేదు. పనిలో అసలు కష్టం ఎక్కడుందో ముందుగా చెప్పేవాళ్ళు లేకపోవడం, తగిన కర్ర మన జిల్లాల్లో చేతికందకపోవడం, ఈ రెండింటి వల్లనే ఆ ఓడలు ఆగిపోయాయి. రెండూ సరిదిద్దగలిగినవే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెట్టె మీది బొమ్మను చూసినవాళ్ళు ముందుగా భయపడేది తాళ్ళకు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్న విక్టరీ అనే యుద్ధనౌక సంగతి తీసుకుందాం. 1765లో నీటిలోకి దిగి, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకా సేనాని నెల్సన్ ఎక్కిన ఈ ఓడ నమూనా కట్టాలని ఈ వ్యాపకంలోకి వచ్చిన వాళ్ళలో చాలామంది కోరుకుంటారు. 104 ఫిరంగులు, మూడు తెరచాప కొయ్యలు, అసలు ఓడ మీద సుమారు 26 మైళ్ళ పొడవుంటుందని చెప్పే తాడు, ఇవన్నీ చూసి తాళ్ళు కట్టడమే గండమని కొత్తవారు అనుకుంటారు. నిజానికి తాళ్ళ పని విసుగు పుట్టించేదే కాని కష్టమైనది కాదు. ఒక ముడి సరిగ్గా వేయగలిగినవాడు వేయి ముళ్ళూ వేయగలడు, కుదరని ముడిని కత్తిరించి మళ్ళీ వేసుకోవడానికి ఖర్చయ్యేది జానెడు దారం. గండం అంతకు చాలా ముందే, చూసేవాళ్ళెవరికీ తర్వాత కనబడని చోట, ఓడ పొట్ట కట్టేటప్పుడు ఉంటుంది. పొట్ట మెలిపడితే పైన ఎంత నాణ్యమైన తాళ్ళు కట్టినా, ఎంత ఖరీదైన ఇత్తడి ఫిరంగులు పెట్టినా, ఎదురుగా నిలబడి చూసేవాడికి తెరచాప కొయ్యలు మూడూ మూడు దిక్కులకు ఒరిగి కనిపిస్తాయి.

ఓడను ఎంచుకునేటప్పుడు పెట్టె మీద ‘అనుభవం ఉన్నవారికి’ అని రాసి ఉందా లేదా అన్నదాని కన్నా, అసలు ఓడను ఎన్నో వంతుకు కుదించారో చెప్పే నిష్పత్తి ఎంతో చూడడం ముఖ్యం. విక్టరీ ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు, అంటే 57 మీటర్లకు కాస్త తక్కువ. 1:98 నిష్పత్తిలో అది 58 సెంటీమీటర్లవుతుంది, ఐదున్నర అడుగుల నావికుడు 17 మిల్లీమీటర్లకు కుదించుకుపోతాడు, అంగుళం మందమున్న తాడు పావు మిల్లీమీటరు దారమవుతుంది. అదే 30 అడుగుల చేపల పడవను 1:24 నిష్పత్తిలో చేస్తే 38 సెంటీమీటర్లు వస్తుంది, అంగుళం తాడు మిల్లీమీటరు పైచిలుకు మందంతో వేళ్ళకు చక్కగా దొరుకుతుంది. అంటే చిన్న పడవను పెద్దగా చేసినప్పుడు పని సులువు, పెద్ద ఓడను చిన్నగా చేసినప్పుడు కష్టం. అంగడివాళ్ళు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, చిన్న నిష్పత్తి పెట్టె చవక కాబట్టి కొత్తవారికి అదే మంచిదని అంటగడతారు. విక్టరీయే కావాలని పట్టుబట్టే కొత్తవారికి నేను 1:72 తీసుకోమని చెబుతాను, అయితే అది మీటరు దాటిన పొడవుతో వస్తుంది కాబట్టి, దానికి అద్దాల పెట్టె కూడా చేయిస్తే, మన ఇళ్ళ ముందుగదుల్లో దివాన్ మంచం తీసేసినా చోటు చాలకపోవచ్చునని కూడా చెబుతాను.

మరో షరతు, ఓడ పొట్ట మీద పరిచే సన్నని కర్ర బద్దలను, అంటే పట్టీలను, రెండు పొరలుగా వేసే పెట్టె కావాలి. మొదటి పొరకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందమున్న మెత్తని కర్ర పట్టీలు ఇస్తారు. దాని మీద వేసే రెండో పొర మిల్లీమీటరుకు మించని మందంలో వాల్‌నట్ వంటి రంగు కర్రతో ఉంటుంది. మొదటి పొరలో సందులు పడినా, ఎత్తుపల్లాలు వచ్చినా లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నచేసుకోవచ్చు, రెండో పొర వాటిని పూర్తిగా కప్పేస్తుంది. ఒకే పొరతో కట్టే ఓడలో ఈ వెసులుబాటు లేదు. అనుభవం లేని చేతికి పెద్ద ఓడ కట్టుకునే వీలు కల్పించేది ఈ రెండు పొరల పద్ధతే.

ఇటలీ, స్పెయిన్ దేశాల నుంచి వచ్చే పెట్టెల్లో నక్షాలు బాగానే ఉంటాయి కాని, పని క్రమం చెప్పే కాగితాలు మాత్రం చాలా పొదుపుగా మాట్లాడతాయి. ఓడకు వెన్నెముక వంటి అడుగు దూలానికి, పక్కటెముకల వంటి అడ్డపలకలు అమర్చమని ఒక వాక్యం, పట్టీలు వేయమని ఇంకో వాక్యం. ఆ రెండు వాక్యాల మధ్య జరగవలసిన పనే ఓడ భవిష్యత్తును తేలుస్తుంది. ప్లైవుడ్ అడుగు దూలాన్ని పెట్టెలోంచి తీయగానే అద్దం మీద పరిచి చూడాలి. సముద్రం దాటి వచ్చిన ప్లైవుడ్ వంగి ఉండడం మామూలే, వంగిన దానికే అడ్డపలకలు దిగేస్తే ఆ వంపు ఇక పోదు. తడిగుడ్డతో తుడిచి రెండు చదును పలకల మధ్య బరువు కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. అడ్డపలకలను అతికించేటప్పుడు ప్రతిదాన్నీ మూలమట్టంతో సరిచూసి, మొదటి రెండింటి మధ్య, చివరి రెండింటి మధ్య మెత్తని కర్ర దిమ్మలు నింపుకుంటే, వంపు తీవ్రంగా ఉన్న ఆ రెండు చోట్లా పట్టీలు అతుక్కోవడానికి ఆధారం దొరుకుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర ఈ దిమ్మలకు భేషుగ్గా పనికొస్తుంది, చాకుతోనే చెక్కుకోవచ్చు.

ఆ తర్వాతది అడ్డపలకల అంచులకు వాటం తీయడం. యంత్రంతో కోసిన అంచులు నిటారుగా ఉంటాయి. ఓడ మధ్యభాగంలో అవి అలాగే పనికొస్తాయి కాని, ముక్కు వైపుకు పోయేకొద్దీ పట్టీ ఏటవాలుగా వచ్చి పలక మూలను మాత్రమే తాకుతుంది, మిగిలిన మందం గాలిలో ఉండిపోతుంది. దాన్ని కనిపెట్టడానికి కొలబద్దలు అక్కర్లేదు. ఒక పట్టీని ముక్కు నుంచి వెనుక దాకా వేళ్ళతో అదిమి పట్టుకుని, ఓడను కిటికీ వైపు తిప్పి, పట్టీ కింద ఎక్కడెక్కడ వెలుతురు కనబడుతుందో చూడాలి. పొడుచుకొచ్చిన మూలలకు పెన్సిలు నలుపు రాసి, కనీసం మూడు అడ్డపలకల మీద ఒకేసారి ఆనేంత పొడవైన బద్దకు ఉప్పుకాగితం అంటించి, నలుపు పోయేదాకా రుద్ది, పట్టీని మళ్ళీ పెట్టి చూడాలి. ఆ వరుసలో వెలుతురు పోయిందనుకోగానే పట్టీని అంగుళం కిందికి జరిపితే ఇంకో చోట వెలుతురు కనిపిస్తుంది. ఒక్కో అడ్డపలక మరీ లోతుకు కోసి ఉంటుంది, అప్పుడు రుద్దడం ఆపి దాని అంచుకు సన్నని చెక్కు అతికించి ఎత్తు పెంచుకోవాలి. పట్టీ ఎక్కడ పెట్టినా ప్రతి అడ్డపలక మీదా పూర్తి మందంతో ఆనేదాకా ఇదే పని, దీనికి వారాలు పట్టినా పట్టవచ్చు. ఈ వారాల్లో ఇంటికొచ్చిన వాళ్ళకు చూపించడానికి ఏమీ ఉండదు, ఉన్న ఓడ మొదటి రోజు ఉన్నట్టే ఉంటుంది. కొత్తవారు తొందరపడేది సరిగ్గా ఇక్కడే.

ఇక పట్టీలు. ఓడ మధ్యలో పొట్ట చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. మధ్యలో ఇరవై పట్టీలు పట్టే చోటు ముక్కు దగ్గరకు వచ్చేసరికి సగానికి పడిపోతుంది, కాని పట్టీలు మాత్రం అన్నీ అక్కడికి చేరవలసినవే. తాటాకు బుట్ట అల్లేవాళ్ళు ఆకును మొదట్లో వెడల్పుగా ఉంచి మూతికి వచ్చేసరికి సన్నం చేసినట్టే, ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నగా చెక్కుకోవాలి. ఎంత చెక్కాలో లెక్క చాలా సులువు. ప్రతి అడ్డపలక మీదా డెక్కు (ఓడ పైతలం) నుంచి అడుగు దూలం దాకా కాగితపు ముక్క చుట్టి కొలిచి, ఆ పొడవును పట్టీల సంఖ్యతో భాగిస్తే అక్కడ ఒక్కో పట్టీ ఎంత వెడల్పు ఉండాలో వస్తుంది. అసలు వెడల్పులో సగానికి మించి సన్నం చేయకూడదు, అంతకన్నా సన్నగా వచ్చే చోట రెండు పట్టీల బదులు ఒకటి పెట్టాలి. వెనుక భాగంలో దీనికి తిరగబడి, చోటు ఎక్కువై సన్నని కొసతో కూడిన అదనపు ముక్కలు దూర్చవలసి వస్తుంది. పట్టీ మందం వైపు వంగుతుంది కాని వెడల్పు వైపు వంగదు, బలవంతం చేస్తే ఒక అంచు పైకి లేచి నిలబడుతుంది. పట్టీలను ముందే కొలిచి చెక్కుకోవడం ఈ బలవంతాన్ని తప్పించడానికే.

వంచడానికి పట్టీని గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, సోల్డరింగ్ ఐరన్‌కు తొడిగిన ఇత్తడి గొట్టం మీద మెల్లగా లాగుతూ ఒత్తితే ఆవిరి పోతున్న చప్పుడుతో కర్ర చెప్పిన మాట వింటుంది. ఆ వంపులోనే కట్టి ఆరబెట్టి, పూర్తిగా ఆరిన తర్వాతే అతికించాలి. తడి పట్టీ ఉబ్బి వెడల్పుగా ఉంటుంది, అలాగే అతికిస్తే ఆరిన తర్వాత సన్నబడి పక్క పట్టీకి దూరమవుతుంది, ఆ సందు చూసి కర్ర మంచిది కాదని జనం తిట్టుకుంటారు. జిగురుకు మామూలు ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ క్షణాల్లో పట్టేస్తుంది కాబట్టి పట్టీని సర్దుకునే వ్యవధి ఇవ్వదు, పైగా తలుపులు మూసిన గదిలో దాని ఘాటు కళ్ళకు పడదు. బిగించి పట్టడానికి ఖరీదైన క్లాంపులు కొననక్కర్లేదు, బట్టలారేసే క్లిప్పులు డజన్ల కొద్దీ దగ్గరుంటే సరిపోతుంది.

ఒక పక్క ఒక పట్టీ వేస్తే వెంటనే రెండో పక్క అదే చోట ఇంకోటి వేయాలన్న నియమాన్ని మాత్రం ఎవరూ మీరకూడదు. మా వీధిలో ఒక బీటెక్ కుర్రవాడు ఒక పక్క పని చేయి తిరిగిందని ఆ పక్కంతా పూర్తి చేసి రెండో పక్క మొదలుపెట్టాడు. జిగురు ఆరుతూ ఆ పక్కను లాగేయడంతో ఓడ పొట్ట అరటికాయ వంపు తిరిగింది. అతను దాన్ని పారేయబోయాడు. ఫెవికాల్ గోరువెచ్చని తడికి మెత్తబడుతుంది కాబట్టి, తడిగుడ్డలు చుట్టి ఉంచి, సన్నని చాకు దూర్చి పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి, అడుగు దూలాన్ని బద్దకు బిగించి మళ్ళీ మొదలుపెట్టించాను. ఆ ఓడ ఇప్పుడు తెరచాప కొయ్యల దశకు వచ్చింది. ఒంగోలు పాఠకులు చూసిన అటక మీది ఓడల్లో ఇలా బాగుపడేవి చాలానే ఉంటాయని నా నమ్మకం.

పడమటి దేశాల పుస్తకాలు చెప్పని ఇంకో సంగతి మన వాతావరణం. రోహిణి కార్తెలో వడగాడ్పులకు ఇంట్లో తలుపులే బిగువు వదిలి గడగడలాడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఈశాన్య రుతుపవనాల ముసురుకు అవే తలుపులు ఉబ్బి మూతపడవు. మిల్లీమీటరు మందం పట్టీల మీద ఈ ప్రభావం ఇంకెంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ముసురులో ఉబ్బి ఉన్నప్పుడు అతికించిన పట్టీలు మే నెలలో సందులిస్తాయి. పెట్టె రాగానే పట్టీల కట్ట విప్పి, పని చేసే గదిలోనే కొన్ని వారాలు ఆరేలా ఉంచి, పొట్ట పనిని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు అన్ని విధాలా అనుకూలం. తాళ్ళకు కూడా ఇదే లెక్క. నూలు దారం తేమకు బిగుసుకుని, ఎండకు వదులవుతుంది; ఒక వర్షాకాలం గడిచేసరికి సన్నని కొయ్యలను వంచేస్తుంది. పాలిస్టరు దారం తీసుకుని, తేనెమైనం మీద లాగి నూగు అణచి వాడుకుంటే ఈ బాధ ఉండదు.

కర్ర విషయానికి వస్తే, మన కోత మిల్లుల్లో అడిగి చూస్తే చాలు, కొత్తవారి కష్టమేమిటో తెలుస్తుంది. “రెండు మిల్లీమీటర్ల పట్టీలా సార్? రంపం కోతకే మూడు పోతుంది, మీకు పట్టీల కన్నా పొట్టే ఎక్కువ వస్తుంది” అని ఒక మిల్లు మేస్త్రి నాతో నవ్వుతూ అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. సన్నని రంపపు బిళ్ళ, చిన్న యంత్రం ఉంటే తప్ప ఇంత సన్నని కోత గిట్టుబాటు కాదు. పోనీ టేకు బీడింగు కొనుక్కుందామంటే అది ఈ పనికి నప్పదు. టేకు అసలు ఓడలకు సాటిలేని కర్ర. 1817లో బొంబాయిలో వాడియా కుటుంబపు మేస్త్రీలు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఈనాటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో నీటి మీద నిలిచి ఉంది. కాని నమూనాలో ఆ టేకు చారలు మరీ ముతకగా కనిపిస్తాయి, 1:72 నిష్పత్తిలో ఒక్కో చార బెత్తెడు పగులులా ఉంటుంది. నమూనాకు కావలసింది చారలు కంటికి ఆనని, దట్టమైన కర్ర. అందుకే విదేశీ పనివారు బాక్స్‌వుడ్ కోసం, పియర్ కర్ర కోసం ప్రాకులాడతారు.

అలాంటి కర్ర నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఉదయగిరి పనివారు చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కేది నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి వంటి కర్రలతో. వీటిలో బిక్కి జాతిని ఇంగ్లీషు కలప పట్టికల్లో ఇండియన్ బాక్స్‌వుడ్ అనే పేరుతోనే పేర్కొంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ హస్తకళాకారులకు కర్రను ఆరబెట్టడం, చారను చూసి కోయడం, గరిటె కాడను నున్నగా తీర్చడం వెన్నతో పెట్టిన విద్య. చెంచాకు పనికిరాని చిన్న ముక్క నా వంటివాడికి పది కప్పీలవుతుంది. వాళ్ళకు ఒక సన్నకోత యంత్రం సమకూర్చి, ఐదు మిల్లీమీటర్ల వెడల్పులో, ఒకటి, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందాల్లో పట్టీల కట్టలు చేయించి లేపాక్షి దుకాణాల ద్వారా అమ్మిస్తే, విదేశీ పెట్టె కొనలేని విద్యార్థి కూడా నక్షా ఒక్కటి సంపాదించుకుని ఓడ కట్టుకోగలడు. ఈ సందర్భంలోనే ఇంకో మాట. ఎర్రచందనం తునకలు ఓడకు అందంగా ఉంటాయని నాకు చెప్పినవాళ్ళు, తెచ్చిస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు, తునక చిన్నదైనా చట్టం ఒక్కటే.

డెక్కు, ఫిరంగులు, కిటికీల పని ఓపిక ఉన్నవాళ్ళకు ఆటవిడుపు. డెక్కు పట్టీల అంచులకు పెన్సిలు నలుపు రాసి పక్కపక్కన అతికిస్తే అసలు ఓడలో తారు దట్టించిన సందుల్లా కనబడతాయి. తెరచాప కొయ్యలను మాత్రం అంగట్లో దొరికే గుండ్రని కడ్డీతో కాకుండా నలుచదరపు కర్రతో మొదలుపెట్టి, ముందు ఎనిమిది పలకలుగా, తర్వాత పదహారు పలకలుగా చిత్రిక పట్టి, అప్పుడు గుండ్రం చేస్తే కొస దాకా వంకర లేకుండా వస్తాయి. తాళ్ళలో కొయ్యలను నిలబెట్టే తాళ్ళు నల్లవి, ఎందుకంటే అసలు ఓడలో వాటికి తారు పూసేవారు. తెరచాపలను లాగే తాళ్ళు లేత గోధుమరంగువి. అడ్డకొయ్యలకు కట్టవలసిన కప్పీలన్నిటినీ వాటిని పైకి ఎత్తకముందే బల్ల మీద కట్టేసుకోవాలి. తాళ్ళ నిచ్చెనల మెట్లకు 1:72 నిష్పత్తిలో ఐదు మిల్లీమీటర్ల ఎడం సరిపోతుంది. గీతలు గీసిన అట్టముక్కను తాళ్ళ వెనుక నిలబెట్టుకుని కడితే మెట్లు సమంగా వస్తాయి. చెప్పాను కదా, ఇదంతా విసుగే కాని కష్టం కాదు.

పెద్ద ఓడకు ముందు చేయి తిరగడానికి ఏదైనా చిన్నది కట్టదలచినవారు మన తీరం పడవనే ఎందుకు ఎంచుకోకూడదన్నది నా ప్రశ్న. దీనికి శాతవాహనుల నాణేల మీది రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మను చూపించి అదే కడతామని ఉత్సాహపడే కుర్రవాళ్ళున్నారు. నాణెం మీద ఉన్నది గీత మాత్రమే, కొలతలు కావు. బొమ్మ ఆధారంగా ఓడను ఊహించడం ఎంత పెద్ద పనో తెలియాలంటే మన నౌకాదళం 2025 మేలో చేర్చుకున్న కౌండిన్య ఓడను చూడాలి. అజంతా గుహల్లోని ఐదో శతాబ్దపు చిత్రం తప్ప నక్షా లేని ఆ ఓడను కేరళ పనివారు పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టారు, దాని నడక ఎలా ఉంటుందో తేల్చడానికి మద్రాసు ఐఐటీలోని సముద్ర ఇంజనీరింగ్ విభాగం నమూనాతో పరీక్షలు జరపవలసి వచ్చింది. కొత్తవారికి కావలసింది కొలతలున్న పడవ.

అలాంటివి మనకు ఉన్నాయి, లేదా నిన్నమొన్నటి దాకా ఉన్నాయి. మేకులు లేకుండా, లోపల పక్కబద్దలు లేకుండా, పలకలను తాడుతో కుట్టి, కెరటం కొట్టినా విరగకుండా వంగి లేచేలా కట్టిన పడవలు కోరమాండల్ తీరం పొడవునా ఉండేవి. పారిస్ అనే ఫ్రెంచి నావికాధికారి 19వ శతాబ్దం మొదటి సగంలోనే ఈ తీరపు పడవల కొలతలు తీసి నక్షాలు గీశాడు. ఆ తర్వాత ఆయన పర్యవేక్షణలోనే ఫ్రాన్సు నౌకా మ్యూజియానికి అలాంటి పడవల నమూనాలు తయారయ్యాయి. మన కర్ర తెప్పలు, కుట్టు పడవలు ఎలా ఉండేవో చూడాలంటే ఫ్రాన్సు దాకా పోవలసి రావడం నాకు చిన్నతనంగా తోస్తుంది. నా ఉద్యోగంలో కొంతకాలం బకింగ్‌హాం కాలువ లాకుల నక్షాలతో గడిచింది. పెదగంజాం నుంచి దక్షిణంగా మరక్కాణం దాకా సాగే ఆ కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసిన పడవలు చదును అడుగువి. గాలి ఉంటే తెరచాప ఎత్తి, లేకపోతే గట్టు మీద నుంచి తాడుతో లాగి, లేదా గడకర్రతో పొడిచి నడిపేవారు. అడుగు చదును, పక్కలు దాదాపు నిటారు, ఒకే కొయ్య, ఒకే తెరచాప. పట్టీని నానబెట్టడం, వంచడం, వాటం తీయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన మొదటి పాఠం నాకు కనబడలేదు.

కాబట్టి జిల్లా యంత్రాంగాలకు ఈ లేఖ ద్వారా రెండు విన్నపాలు. మొదటిది, వడ్రంగం వర్క్‌షాపులున్న నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో ఆదివారాలు ఒక పూట నామమాత్రపు రుసుముతో బయటివారిని పని చేసుకోనివ్వాలి. సన్నకోత రంపం, చిత్రిక బల్ల, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణ ఉంటే చాలు, కొత్తవారికి పనిముట్ల ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది. ఉదయగిరి పట్టీల సంగతి పైన చెప్పాను, దానికి ఖర్చు అంతకన్నా తక్కువ.

రెండోది ఇంకా తొందరగా కావాలి. కొత్తపట్నం, జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం, ఏ రేవుకు పోయినా ఇప్పుడు కనిపించేవి ఫైబర్ పడవలే. అవి బరువు తక్కువ, మరమ్మతు తక్కువ, మత్స్యకారులు వాటికి మారడంలో తప్పేమీ లేదు. కాని కర్రతో పడవ కట్టిన మేస్త్రీలు వృద్ధులయ్యారు, వాళ్ళ దగ్గర కాగితం మీద నక్షాలు ఉండవు, కొలతలన్నీ జానలు, మూరల్లో చేతి గుర్తే. గ్రామాల్లో బోర్లించి వదిలేసిన పాత కర్ర పడవలు, తెప్ప దుంగలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విద్యార్థులు సర్వే పాఠంలో భాగంగా వాటిని కొలవవచ్చు. మొత్తం పొడవు, ముక్కు నుంచి వెనుక దాకా మూరకొక చోట వెడల్పు, లోతు, పలకల సంఖ్య, కుట్ల మధ్య ఎడం, కట్టిన కర్ర పేరు, మేస్త్రి చెప్పిన మాటలు, ఇవి రాసుకుని నక్షా గీసి జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంచితే కొత్తవారెవరైనా దాన్ని చూసి పట్టీలు కోసుకోవచ్చు. నక్షాలు గీయడంలో ఆ విద్యార్థులకు సాయం కావాలంటే, కావలి చుట్టుపక్కల గ్రామాల వరకు ఆ పని నేను ఉచితంగా చేసిపెడతాను.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా